జెండా ఊపాక ఏం జరిగిందో కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మా విశాఖపట్నంలో శీతాకాలం వచ్చిందంటే బీచ్ రోడ్డు మీద ఆదివారం ఆదివారానికీ ఏదో ఒక పరుగు ఉంటుంది. తూర్పు నౌకాదళం వారి నేవీ మారథాన్ లాంటి పెద్దవి సరే. అవి కాక ఆస్పత్రి పేరున ఒకటి, కాలేజీ పేరున ఒకటి, గుండె కోసం, కిడ్నీ కోసం, ప్లాస్టిక్ వద్దని, హెల్మెట్ పెట్టుకోమని. మర్నాడు మీ జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఆ వార్తను పేపరు విప్పకుండానే చెప్పేయగలను. ఫలానా వారు జెండా ఊపి పరుగును ప్రారంభించారు. ఈ సందర్భంగా మాట్లాడుతూ ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు. నగరవాసులు వేలాదిగా తరలివచ్చారు. జుంబా నృత్యాలు ఆకట్టుకున్నాయి. ఫొటోలో వేదిక, దాని మీద పెద్దలు, వారి చేతిలో జెండా, కింద ఒకే రంగు టీషర్టులు. అయిపోయింది.

మరి ఎవరు ముందొచ్చారు? ఎంతసేపట్లో వచ్చారు? ఎండ ఎప్పుడెక్కింది? మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఎందుకు ఆగిపోయారు? 42 కిలోమీటర్లు పరుగెత్తి చిట్టచివర వచ్చిన మనిషి ఎవరు? ఆ మనిషి వచ్చేసరికి వేదిక ఉందా, షామియానా వాళ్ళు విప్పేశారా? వీటిలో ఒక్కదానికైనా మీ వార్తలో జవాబు దొరికితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. స్కోరు లేకుండా క్రికెట్ వార్త వేయరు కదండీ మీరు.

నేను ప్రభుత్వ హైస్కూళ్ళలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల భాషలో డ్రిల్లు మాస్టార్ని. ఉద్యోగమంతా మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. ఇప్పుడు ఈ పరుగులు జరిగినప్పుడు యూటర్న్ దగ్గరో, వాటర్ పాయింట్ దగ్గరో వలంటీరుగా నిలబడుతుంటాను. కాబట్టి జెండా ఊపే చోట కనపడనివి నాకు కనపడతాయి. ఈ మధ్య జరిగిన ఒక పరుగులో (నిర్వాహకుల పేరు అనవసరం, వాళ్ళ తప్పేం లేదు) నా దగ్గర స్కూల్లో చదువుకున్న అమ్మాయి ఫుల్ మారథాన్ పూర్తిచేసింది. అమ్మాయంటున్నాను గానీ ఆవిడకిప్పుడు నలభై దాటాయి. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పన్నెండు దాకా మిషన్ మీదే ఉండి, తెల్లవారకముందే లేచి ప్రాక్టీసు చేసింది. కటాఫ్‌కి, అంటే పరుగు పూర్తిచేయడానికి పెట్టిన గడువుకి, కాస్త ముందు వచ్చింది. కాలి బొటనవేలి గోరు నల్లబడిపోయింది, చేతుల కింద చర్మం ఒరుసుకుపోయింది, ముఖం మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు చారలు కట్టింది. మర్నాడు మూడు పేపర్లు కొనుక్కుని మా ఇంటికొచ్చింది. తన పేరుంటుందని కాదు. ఆడవాళ్ళ ఫుల్ మారథాన్ ఎవరు గెలిచారో చూద్దామని. ఆవిడ కళ్ళముందే తిరుగుదారిలో దూసుకుపోయిన ఆ పిల్ల ఎవరో తెలుసుకుందామని. మూడింటిలోనూ లేదు. "మాస్టారూ, మన టీషర్టు రంగొక్కటే కరెక్టుగా వేశారండి" అని నవ్వేసి, ఆ పేపర్లు మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళిపోయింది.

మీకు రాయడం చేతకాదని నేననను. మా విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చైనాలోని చెంగ్డూలో వంద మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో దాటి జాతీయ రికార్డు పెట్టినప్పుడు సెకనులో వందో వంతు దాకా సరిగ్గా వేశారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఎంత కష్టపడి పెంచారో కూడా రాశారు. ఆ వార్త కత్తిరించి నేను పనిచేసిన స్కూల్లో నోటీసు బోర్డుకి అంటించి వచ్చాను. అలా రాయగలిగినవారికి ఆదివారం ఉదయం మాత్రం ఏమవుతుందనేదే నా ప్రశ్న.

ఇంకా దగ్గర ఉదాహరణ ఉంది. సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, వెంకోజిపాలెం, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి రావడానికి సుమారు 32 కిలోమీటర్లు. దానికి ఇంకో 10 కలిపితే మారథాన్. ఆ రోజు మీ పేపరు చూడాలి! దారి మ్యాపు వేస్తారు. ఎక్కడ మంచినీళ్ళు, ఎక్కడ మజ్జిగ, ఎక్కడ పులిహోర, ఎక్కడ మెడికల్ క్యాంపు, మరుగుదొడ్లు ఎక్కడ, బస్సులు ఎటు మళ్ళించారు, అన్నీ ఉంటాయి. మర్నాడు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి చెప్పుల్లేకుండా నడిచిన ముసలమ్మ ఫొటో ఉంటుంది, ఎన్నేళ్ళనుంచి వస్తోందో ఆవిడ నోటితోనే చెప్పిస్తారు. వానలో తడుస్తూ బిడ్డను భుజానెత్తుకున్న తండ్రి ఉంటాడు. అర్ధరాత్రి అప్పుఘర్ దగ్గర సముద్రస్నానాలు చేసేవాళ్ళుంటారు. ప్రారంభించిన పెద్దల ఫొటో కూడా ఉంటుంది, కాదనను. కానీ ఆ పేజీ మొత్తం నడిచినవాళ్ళదే. మీ విలేకరులు కూడా ఆ జనంతో కలిసి కొంత దూరం నడుస్తారని నాకు తెలుసు, నేను చూశాను. భక్తి వేరు, పరుగు వేరు అంటారేమో. కాళ్ళకి మాత్రం రెండూ ఒకటేనండి. అదే రోడ్డు, అదే బొబ్బ. ఆ ఒక్కరోజు రాసినట్టు ఈ ఆదివారాలు కూడా రాయమనే నేనడిగేది.

పేపర్లు ఇలాంటివాటికి ఏం చేయగలవో మారథాన్ చరిత్రలోనే ఉంది. 1908లో లండన్ ఒలింపిక్స్. దోరాండో పియెత్రి అని ఇటలీవాడు, మిఠాయి దుకాణంలో పనిచేసేవాడు, అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చాక తల తిరిగిపోయి తప్పు దిక్కున పరుగెత్తాడు. మళ్ళీ మళ్ళీ పడ్డాడు. చివరి కొద్ది వందల మీటర్లకే సుమారు పది నిమిషాలు పట్టింది. అధికారులు పట్టుకుని లేపి గీత దాటించారు, అందుకే అతన్ని పోటీ నుంచి తీసేసి, వెనక వచ్చిన అమెరికన్ జానీ హేస్‌కి బంగారు పతకం ఇచ్చారు. ఆ రోజు స్టేడియంలో కూర్చుని డైలీ మెయిల్ పత్రికకు వార్త రాసినవాడు ఎవరనుకున్నారు? షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన ఆర్థర్ కానన్ డాయల్. ఆయన రాసింది గెలిచినవాడి గురించి కన్నా పడిపోయినవాడి గురించే ఎక్కువ. అక్కడితో ఆగలేదు. పియెత్రి సొంత ఊళ్ళో దుకాణం పెట్టుకోవడానికి ఆ పత్రిక ద్వారానే చందాలు పోగుచేయించారు, 300 పౌండ్లకు పైగా వచ్చింది. హేస్ పేరు ఇవాళ మా వలంటీర్లలో ఎవరికీ తెలియదు. పియెత్రి పేరు మాత్రం పరుగు పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఆ రోజు విండ్సర్ కోట నుంచి రాజుగారి కుటుంబం కూర్చున్న చోటు దాకా పరుగెత్తిన దూరమే, 42.195 కిలోమీటర్లు, తర్వాత 1921లో ప్రపంచమంతటికీ మారథాన్ దూరంగా ఖాయమైంది. అంటే రాజుగారి కుర్చీ కోసం మనమందరం ఇవాళ్టికీ ఆ చివరి ముక్క అదనంగా పరుగెత్తుతున్నాం. వేదిక మీది పెద్దల ప్రభావం పరుగు మీద ఇప్పటిది కాదు!

మీ ఫొటోగ్రాఫర్ల కోసం ఇంకొకటి. 1967లో బోస్టన్ మారథాన్‌లో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. కేథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో పేరిచ్చి 261 నంబరు బిబ్ (ఒంటి మీద పెట్టుకునే నంబరు చీటీ) తీసుకుని పరుగు మొదలుపెట్టింది. దారిలో నిర్వాహకుడొకాయన వెనకనుంచి వచ్చి ఆ నంబరు లాగేయబోయాడు. పక్కనే పరుగెత్తుతున్న ఆమె స్నేహితుడు ఆయన్ని భుజంతో తోసేశాడు. ఆమె పరుగు పూర్తిచేసింది. ఆ తోపులాట ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎందుకు తిరిగింది? ఫొటోగ్రాఫర్ల బండి ఆ సమయానికి రోడ్డు మీద, పరుగెత్తేవాళ్ళ పక్కన ఉంది కాబట్టి. అంతకు ముందు ఏడాదే, 1966లో, బాబీ గిబ్ అనే ఆవిడ పొదల్లో దాక్కుని, తుపాకీ పేలాక జనంలో కలిసి మొత్తం దూరం పరుగెత్తింది. ఆమెకు అలాంటి ఫొటో లేదు, అందుకని చాలాకాలం ఆమె పేరు వెనకబడిపోయింది. బోస్టన్‌లో ఆడవాళ్ళకు అధికారికంగా చోటు 1972లో దొరికింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984 దాకా లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడపిల్లల్ని ఎనిమిది వందల మీటర్లకు దింపితేనే, పిల్ల ఏమైపోతుందో అని తల్లులు గ్రౌండు పక్కన టెన్షన్ పడుతూ నిలబడేవారు. ఇవాళ అదే వయసు తల్లులు చుడీదార్ మీద బిబ్ పెట్టుకుని వైఎంసీఏ దాటి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందునుంచి వెళ్తుంటే చూస్తున్నాను. మీ కెమెరా మాత్రం ఇంకా వేదిక దగ్గరే ఉంది. ఫొటోగ్రాఫర్‌ని ఒక్కసారి 32వ కిలోమీటరు దగ్గరికి పంపండి. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం దాదాపుగా ఖాళీ అయ్యేది ఆ చుట్టుపక్కలే. మావాళ్ళు దాన్ని "వాల్ తగిలింది" అంటారు. అక్కడ మనుషుల ముఖాలు చూస్తే ఏ ఫొటో వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

పేర్లన్నీ వేయడానికి చోటెక్కడిదంటారా? న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ఊరి మారథాన్ మర్నాడు పూర్తిచేసినవాళ్ళ పేర్లు, టైములు వేలకు వేలు చీమతలకాయంత అక్షరాల్లో అచ్చు వేసేవారు. ఆ పేజీని జనం దాచుకునేవారు. ఆ న్యూయార్క్ మారథాన్ 1970లో మొదలైనప్పుడు బయల్దేరింది 127 మంది, పూర్తిచేసింది 55 మంది. ఊరి పార్కులో చుట్లు కొట్టారు. గెలిచినవాడు అగ్నిమాపక శాఖలో పనిచేసే మనిషి. మిమ్మల్ని వేలు వేయమనట్లేదు. ఒక్కో దూరానికి ముగ్గురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ టైములు, అందరికన్నా పెద్ద వయసువారు, చివరగా వచ్చినవారు. దీనికి జుంబా ఫొటో పట్టినంత చోటు చాలు.

చివరగా వచ్చినవారు ఎందుకని మీ డెస్కులో ఎవరైనా అడగొచ్చు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ అని ఉంది. డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు ఒక ఏడాది, అటునుంచి ఇటు ఇంకో ఏడాది, దాదాపు 90 కిలోమీటర్లు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ అంటే గాంధీగారిని 1893లో రైల్లోంచి దించేసిన స్టేషన్ ఉన్న ఊరే. డర్బన్ మనకు కొత్తదేం కాదు. చెరుకు తోటల్లో పనికని ఓడలెక్కి డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్ళిన తెలుగువాళ్ళలో మన పాత విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు ఎంతోమంది. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం ఆ పరుగును 1921లో విక్ క్లాఫమ్ అనే రైలింజను డ్రైవరు మొదలుపెట్టాడు. మొదటి ఏడు 34 మంది బయల్దేరారు. నల్లవాళ్ళకు, ఆడవాళ్ళకు అధికారికంగా చోటిచ్చింది 1975లో. దానికి ఇప్పుడు 12 గంటల గడువుంది. గడువు ముగిసే వేళకు ఒక అధికారి గీత దగ్గర పరుగెత్తేవాళ్ళకు వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు, ఎవరు వస్తున్నారో చూస్తే జాలిపడి ఆలస్యం చేస్తాడేమోనని. ఆ చివరి నిమిషాలు చూడటానికి స్టేడియంలో జనం కదలకుండా కూర్చుంటారు. గడువులోపల ఆఖర్న వచ్చినవాడినీ, ఒక్క అడుగులో తప్పిపోయినవాడినీ అక్కడి పత్రికలు వెతికి పట్టుకుని రాస్తాయి. మన దగ్గర ఆ సమయానికి విలేకరి ఆఫీసుకు చేరి వార్త పంపేసి, ఇంటికెళ్ళి టిఫిను తినేసి ఉంటాడు. పాపం ఆయన్ని అని లాభం లేదు. ఆదివారం ఒక్కడికే నాలుగు కార్యక్రమాలు అప్పజెబితే ఆయన మాత్రం ఏం చేస్తాడు. అది మీరు చూడాల్సిన సంగతి.

ఇప్పుడు అసలు కోరిక. పరుగెత్తేవాళ్ళచేతే రాయించండి. వారానికి అరకాలమ్ చాలు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో రెడ్ బ్యాంక్ అనే చిన్న ఊళ్ళో జార్జి షీహన్ అని గుండె డాక్టరుండేవాడు. 45 ఏళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టాడు. ఊరి పేపర్లో వారం వారం రాశాడు. 50 ఏళ్ళ వయసులో మైలు దూరం 4 నిమిషాల 47 సెకన్లలో పరుగెత్తాడు. ఊరి పేపర్లో రాసిన ఆ డాక్టరే తర్వాత ఆ దేశంలో లక్షలమంది పరుగు మొదలెట్టడానికి ఒక కారణమయ్యాడు. జపాన్ నవలాకారుడు మురకామి కూడా ఏళ్ళ తరబడి రోజూ పరుగెత్తే మనిషే, మారథాన్ల గురించి తన అనుభవం తానే రాసుకున్నాడు. అయితే నాకు నవలాకారుల కన్నా ఊరి డాక్టరు, ఊరి పేపరే ముఖ్యం. మన ఊళ్ళో పరుగెత్తే డాక్టర్లు లేరా? స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకొచ్చేవాళ్ళు లేరా? పోర్టువాళ్ళు, డాక్‌యార్డువాళ్ళు, లోకోపైలట్లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వీళ్ళు రాయడంలేదనుకోకండి. వాట్సాప్ గ్రూపుల్లో తెగ రాస్తారు. విచిత్రం ఏంటంటే పరుగెత్తేటప్పుడు మాట్లాడుకునేదంతా తెలుగు, రాయడానికి కూర్చుంటే ఇంగ్లీషు. కింద ఇరవై బొటనవేళ్ళ గుర్తులు, మధ్యాహ్నానికల్లా అది గుడ్ మార్నింగ్ మెసేజీల కింద కూరుకుపోతుంది. తెలుగులో రాయమంటే మనకు మారథాన్ సంప్రదాయం లేదు కదా మాస్టారూ అంటారు. దూరాలు దాటి వాటి గురించి రాయడం మనకు లేకపోవడమేంటి? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ మజిలీ ఎంత దూరం, దారి ఇసకా రాయా, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఊళ్ళో ఏం దొరకదు అని స్నేహితుడికి ఉత్తరాలు రాస్తూ వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు మన విశాఖపట్నం మీదుగానే వచ్చారు. కాకపోతే ఆయన సవారీలో వెళ్ళారు, మోసింది బోయీలు. ఆ బోయీల్లో ఒక్కడికి చదువొచ్చి రాసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

రాయడానికి సరుకు లేదంటే నేనొప్పుకోను. విశాఖలో పరుగు హైదరాబాదులో పరుగులా ఉండదు. మనకు సూర్యుడు అక్కడికన్నా దాదాపు 20 నిమిషాలు ముందే వచ్చేస్తాడు. డిసెంబరు మధ్యలో కూడా ఆరూ ఇరవైకల్లా వెలుతురు సముద్రంలోంచి సూటిగా కళ్ళలో కొడుతుంది. చలి అంటారు గానీ గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అందుకే ఉక్కపోత ఉన్న ఊళ్ళో అదే పేస్‌కి (అంటే అదే వేగానికి) గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఇక్కడ శిక్షణ తీసుకునే మనిషి హైదరాబాదు కోచ్ ఇచ్చిన పేస్ పట్టుకుని తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళే రాయాలి.

నీళ్ళ సంగతి కూడా అంతే. వాటర్ పాయింట్లో నిలబడి నేను చూసేదేంటంటే, నెమ్మదిగా వచ్చేవాళ్ళే ప్రతి టేబుల్ దగ్గరా ఆగి గ్లాసు మీద గ్లాసు వట్టినీళ్ళు తాగుతారు. ఎండ దెబ్బ తగులుతుందని భయం. కానీ చెమటలో ఉప్పు పోయి, పైన వట్టినీళ్ళు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ప్రాణం మీదకు వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించి చూస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువ ఉందని 2005లో డాక్టర్లు ప్రకటించారు. దాహం వేసినంత తాగాలి, ఉప్పు కూడా అందాలి. ఈ నాలుగు ముక్కలు పరుగుకి ముందు శనివారం మీ పేపర్లో వస్తే మెడికల్ టెంటు పని కాస్త తగ్గుతుంది. మెడికల్ టెంటులో పనిచేసే నర్సమ్మే రాస్తే ఇంకా మంచిది.

దూరం కొలవడం ఉంది. చేతి గడియారంలో 42.6 చూపించిందని నిర్వాహకులతో పోట్లాడేవాళ్ళను ప్రతిసారీ చూస్తాను. మారథాన్ దారిని ఫోన్‌తోనో కారుతోనో కొలవరు. స్టీలు టేపుతో కొలిచిన దారి మీద సైకిల్‌ని ముందు సరిచూసుకుని, ముందు చక్రానికి లెక్కపెట్టే మీటరు బిగించి, మలుపుల్లో అంచుకి ఒక అడుగు దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కుతూ కొలుస్తారు. పొరపాటున తక్కువ రాకూడదని కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు. మొత్తం మీద 42 మీటర్లు. మనం జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ తిరిగిందంతా వాచీ కలుపుకుంటుంది. ఇది స్కూలు లెక్కల మాస్టారు పిల్లలకు చెప్పదగ్గ పాఠం. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కపెట్టే తుపాకీ టైము వేరు, చిప్ టైము వేరు అన్నది కూడా చాలామందికి తెలియదు. వెనక వరసలో నిలబడ్డవాడు గీత దాటడానికే కొన్ని నిమిషాలు పడుతుంది కదా, బిబ్ వెనకున్న చిప్ అతను గీత మీది చాప తొక్కినప్పటి నుంచే లెక్కపెడుతుంది.

ఇంకోమాట. పరుగంటే బూట్లు, వాచీలు కొనగలిగినవాళ్ళ సరదా అని మీ పేజీ చూస్తే అనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పల్లెల రోడ్ల మీద మూడున్నర, నాలుగింటికి లేచి చీకట్లో పరుగెత్తే కుర్రాళ్ళున్నారు. సైన్యంలోకో పోలీసులోకో వెళ్ళాలని. ఎంపికకు పెట్టే 1.6 కిలోమీటర్ల పరుగులో రెండు సెకన్లు వాళ్ళకు ఉద్యోగం. వాళ్ళకు ఆదర్శంగా చెప్పదగ్గ మనిషి కూడా సైన్యం వాడే. బీహార్‌లో పుట్టిన శివ్‌నాథ్ సింగ్. చాలా పరుగులు వట్టి కాళ్ళతోనే చేశాడు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో 11వ వాడు, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలు. ఆ భారత రికార్డు నలభై ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. మా కుర్రాళ్ళలో ఎవరూ ఆ పేరు విని ఉండలేదు, నేను అడిగి చూశాను. ఈ కుర్రాళ్ళు పేపర్లోకి వచ్చేది లారీ కింద పడ్డప్పుడే. 2025 జులైలో, నూరేళ్ళ వయసులో టొరంటోలో మారథాన్ పూర్తిచేసిన ఫౌజా సింగ్ గారు, 114 ఏళ్ళ మనిషి, పంజాబ్‌లో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే బండి గుద్ది పోయారు. చీకట్లో పరుగెత్తేవాళ్ళు ఎదురుగా బండ్లు కనపడేలా కుడిపక్కన పరుగెత్తాలని, మెరిసే పట్టీ కట్టుకోవాలని ఆ పల్లెల్లో ఎవరు చెప్తారు? మీ పేపరు ఆ పల్లెలకు వెళ్తుంది. మా వాట్సాప్ గ్రూపు వెళ్ళదు.

తిట్టేవాళ్ళకు కూడా ఆ అరకాలమ్‌లో చోటివ్వండి. పాండురంగపురంలో ఉండే నా మిత్రుడికి ఈ పరుగులంటే మంట. ఆదివారం పొద్దున్నే మైకులు, రోడ్డు మూసివేతలు, పాలబండి రాదు, ముసలామెను డయాలసిస్‌కి తీసుకెళ్ళాలంటే పోలీసుని బతిమాలుకోవాలి. "మీ ఆరోగ్యం కోసం మా ఆరోగ్యం పాడుచేస్తున్నారోయ్" అంటాడు. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. పరుగయ్యాక రోడ్డు మీద దొర్లే కప్పులు చూస్తే ఇంకో పావువంతు కూడా నిజమే. అవన్నీ అచ్చయితేనే నిర్వాహకులు దారిలోకి వస్తారు.

రాబోయే పరుగుతోనే మొదలుపెట్టమని మనవి. ఫలితాలు చిప్ టైమింగ్ వాళ్ళ దగ్గర మధ్యాహ్నానికల్లా తయారుగా ఉంటాయి, అడిగితే ఇస్తారు, మీ విలేకరి గీత దగ్గర కాపలా కాయాల్సిన పని కూడా లేదు. కటాఫ్ దాకా ఉండే ఓపిక ఉన్న ఒక్క కుర్రాణ్ణి పంపండి, కుర్చీ నేనేస్తాను, నీడ కూడా చూపిస్తాను. అరకాలమ్ సంగతి తేల్చుకున్నాక, రాసేవాళ్ళు పేజీకి ఒకవైపే రాసి చేత్తో రాసినవి కూడా పంపవచ్చని కింద ఒక ముక్క వేయండి. ఫోన్లో తెలుగు కొట్టడం రాదని మావాళ్ళలో చాలామంది వెనక్కి తగ్గుతారు. కుట్టుమిషను అమ్మాయి అప్పుడే ఒక పేజీన్నర రాసింది. అక్షరం గుండ్రంగా ఉంటుంది, మీ డీటీపీ వాళ్ళకు ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.
(పేరు ప్రచురించవద్దని మనవి.)